దిగే దారి సైకిల్

కాలువ పక్క సందులో ఒక సైకిల్ రిపేరు షాపు. తండ్రి పోయాక కూతురే దాన్ని నడుపుతోంది; గోడ వెనక గదిలో తల్లి పడుకుని ఉంటుంది. కొండ మీద రిజర్వాయరు గేట్లు చూసే ఆయన్ని ఊళ్లో అందరూ గేటు బాబాయ్ అంటారు. ఆయన సరుకుల వ్యాన్‌లో ఒక కొత్త సైకిల్ వేసుకొచ్చి షాపు ముందు దించాడు. ఎండాకాలపు సాయంత్రం.

"అది కాదు బాబాయ్, బ్రేకులు మార్చాలంటే ముందు అవి పాడవ్వాలి కదా. కొన్నది మొన్న."

"మొన్న కాదమ్మాయ్. పదకొండు రోజులైంది."

"పదకొండు రోజులకే పోయాయా?"

"పోలేదు. పట్టట్లేదు."

"పట్టట్లేదంటే?"

"నొక్కగానే ఆగట్లేదు. కాసేపు ఆలోచించి ఆగుతోంది."

"ఆలోచిస్తోందంటే గొప్పే. సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ బకెట్ల పక్కన నిలబెట్టి అమ్మే బండి బాబాయ్ ఇది. పేరుకే మౌంటెన్ బైక్. కొండను ఫొటోలో చూపించినా జడుసుకుంటుంది."

"అందుకే నీ దగ్గరకు తెచ్చా."

"తేవాల్సింది కొనకముందు. పైగా నీ ఎత్తుకు ఇది పొట్టి. మోకాళ్లు హ్యాండిల్‌కు కొట్టుకోవట్లేదూ?"

"ఉన్నవాటిలో అదొక్కటే ఉంది."

"ఇంతకీ దీనిమీద ఎక్కడికి వెళ్దామని? పైన రోడ్డు మీద పొద్దున్నే రెండు రౌండ్లు వెయ్యడానికైతే ఈ బ్రేకులే ఎక్కువ."

"రోడ్డు మీద కాదు. కాలిదారిలో."

"ఏ కాలిదారి? గొర్రెలు దిగేదా?"

"అదే."

"ఆ దారిలో గొర్రెలే చూసుకుని అడుగేస్తాయి బాబాయ్."

"రోడ్డైతే చుట్టు తిరిగి ఇరవై ఆరు కిలోమీటర్లు. కాలిదారి ఆరే. నడిస్తే గంటా పది. సైకిల్ మీద నలభై ఎనిమిది నిమిషాలు."

"అప్పుడే టైము కూడా చూసుకున్నావా?"

"నలభై ఎనిమిది పట్టింది."

"పడితే పట్టింది. తొందరేముంది? కింద నీకోసం ఎవరు కాచుక్కూర్చున్నారు?"

"బ్రేకులు వేస్తావా, వెయ్యవా?"

"వేస్తాను. ఆయిల్ బ్రేకులు వేస్తాను. వేశాక మాత్రం నవ్వకూడదు. చిరుగుల చొక్కాకి వెండి గుండీలు కుట్టినట్టుంటుంది."

"చొక్కా సంగతి తర్వాత. ఆ నొక్కే లివర్ ఉంది చూడు, దాన్ని హ్యాండిల్‌కు బాగా దగ్గరగా పెట్టు. వేళ్లు అందాలి."

"నీ వేళ్లకు అందకపోవడమేంటి? గేటు చక్రాలు తిప్పే చేతులు."

"దగ్గరగా పెట్టమన్నా కదా."

"సరే సరే."

"ఎవరే వచ్చింది?"

"గేటు బాబాయ్ అమ్మా. నువ్వు లేవకు."

"లేస్తే కదా. కాలువకు నీళ్లెప్పుడు వదుల్తాడో అడుగు."

"ఆయనేం చేస్తాడమ్మా, ఆఫీసు వదలమంటే వదుల్తాడు."

"మీ అమ్మ ఇంకా లేవట్లేదా?"

"తుంటి విరిగి ఏడు నెలలు. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్తుంది, అంతే."

"మెట్లు ఎక్కగలదా?"

"మెట్లా? మాకు మెట్లెక్కడున్నాయి?"

"ఊరికే అడిగా."

మూడు వారాలకు అదే వ్యాన్‌లో అదే సైకిల్ మళ్లీ వచ్చింది.

"ముందు చక్రం ఎనిమిది అంకెలా వంకర పోయింది. ఏం చేశావు దీన్ని?"

"రాయి తగిలింది."

"రాయి తగిలిందా, రాతి మీద దూకావా?"

"నువ్వు చక్రం సంగతి చూడు."

"చూసేదేముంది, ఇది పారెయ్యాల్సిందే. మంచి రిమ్ము, మందం స్పోకులు తెప్పించి నేనే అల్లుతా. టైర్లు కూడా మార్చాలి. వీటికి పట్టు లేదు. లావుపాటివి, ముళ్లలాంటి గుబ్బలున్నవి వేస్తే రాళ్ల మీద జారవు."

"వెయ్యి. ఎన్నాళ్లు పడుతుంది?"

"వారం."

"నాలుగు రోజులు."

"బాబాయ్, నువ్వేమైనా పోటీకి పేరిచ్చావా? ఈ వయసులో? పిన్నికి తెలుసా అసలు?"

"తెలుసు."

"ఏమీ అనట్లేదా?"

"ఏమంటుంది?"

"ఎలా ఉంది పిన్ని? పైన మీరిద్దరే, పక్కన మనిషన్నవాడు లేడు. ఎలా ఉంటారో ఏమో. కిందకు తీసుకురావచ్చు కదా ఒకసారి."

"బాగానే ఉంది. మోకాలు చెక్కుకుపోయింది. మెట్ల మీద జారింది."

"అయ్యో. మందు రాసిందా?"

"రాసింది."

"ఉండు, ఉండు. ఇదేంటి? హ్యాండిల్ పట్టుకునే చోట ఈ మరకేంటి?"

"తుప్పు."

"ఇది రబ్బరు బాబాయ్. రబ్బరుకు తుప్పు పడుతుందా? రక్తం కదా ఇది? పడ్డావా?"

"పడితే నీ ముందు ఇలా నిలబడతానా?"

"నాన్న కూడా ఇంతే. నిచ్చెన మీంచి పడి, దిగానని చెప్పాడు. మగాళ్లకు పడ్డామని చెప్పడానికి నోరు రాదు. చేతులు చూపించు."

"నా చేతులకేం కాలేదు. చూడు. చూశావా?"

"మరి ఈ రక్తం ఎవరిది?"

"ముప్ఫై తొమ్మిది నిమిషాలు. ఆ బ్రేకుల వల్ల తొమ్మిది నిమిషాలు తగ్గింది. నీ చేతిలో పనుందమ్మాయ్."

"మాట మారుస్తున్నావు."

"మారుస్తున్నాను. అమ్మాయ్, ఒక్క మాట. కొండవాలు మీద బడి ఉంది కదా, ఆ బడి మీ వీధి కంటే ఎంత ఎత్తులో ఉంటుంది?"

"ఎంతంటే? ఎక్కేసరికి ఆయాసం వస్తుంది. అంత."

"నాలుగు తాటిచెట్లంత ఉంటుందా?"

"కొలవలేదు. ఎందుకు?"

"బడి గంట ఎవరు కొడతారు?"

"వాచ్‌మన్. బాబాయ్, ఏంటిదంతా?"

"నాలుగు రోజుల్లో వస్తా. గ్రిప్పులు కూడా మార్చెయ్."

తొలి వానలు మొదలయ్యాయి. చూరు నుంచి నీళ్లు కారుతుండగా, ఆమె సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి ముందు ఫోర్క్ విప్పుతోంది. ఆయన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇందులో ఉన్నది పేరుకే షాక్ అబ్జార్బర్. రెండు స్ప్రింగులు, ఇంత గ్రీజు. గుంటలో పడితే గుంటను నీ భుజాలకు పంపిస్తుంది. కొత్తదాంట్లో గాలీ ఆయిలూ ఉంటాయి. నీ బరువెంతో చెప్పు, దాన్ని బట్టి గాలి కొట్టాలి."

"యాభై రెండు కిలోలకు కొట్టు."

"నువ్వు యాభై రెండా? ఒక కాలు ఇంట్లో పెట్టి వస్తున్నావా?"

"మెత్తగా ఉంటే మంచిదని."

"మెత్తగా ఉంటే నీ బరువుకు అడుగంటుకుపోతుంది. సరే, నీ ఇష్టం. సీటు కూడా మళ్లీ దించేశావు. నీ కొలతకు పెట్టి పంపిస్తాను, ప్రతిసారీ అడుక్కు దిగి వస్తుంది."

"దిగేటప్పుడు సీటు కిందుంటే మంచిదని నువ్వే అన్నావు."

"అన్నాను. ఇంత కిందనలేదు. ఆ సంచిలో పాత ఫోర్క్ నట్లున్నాయి, ఇటివ్వు. వద్దులే, నేనే తీసుకుంటా. ఈ కాగితమేంటి?"

"అది ఇలా ఇవ్వు."

"ఉండు బాబాయ్, ఏవో అంకెలున్నాయి. నలభై ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, ముప్ఫై మూడు. ఇవి దిగినవి. పక్కన ఇవేంటి? నాలుగు నిమిషాలు, మూడూ పది, రెండున్నర, ఒకటీ యాభై. ఇదేం దారి? రెండు నిమిషాల్లో ఎక్కడికి దిగావు?"

"దారి కాదు. బకెట్."

"బకెట్ ఏంటి?"

"బకెట్ నిండటానికి పట్టే టైము."

"కుళాయి కిందా?"

"కట్ట కింద. అదిగో, స్పానర్ కింద పడింది, తీసుకో."

"ఏ కట్ట?"

"నాకు ఎన్ని కట్టలున్నాయమ్మాయ్?"

"రిజర్వాయరు కట్ట కింది నుంచి నీళ్లొస్తున్నాయా?"

"మట్టి కట్టలన్నిటికీ ఊట ఉంటుంది. అది రోగం కాదు. మనిషికి చెమట పట్టినట్టే."

"మరి కొలవడమెందుకు?"

"కొలవడం నా ఉద్యోగం."

"నాలుగు నిమిషాలకు నిండే బకెట్ ఒకటీ యాభైకి నిండుతోంది. అది చెమటా?"

"తేటగా ఉన్నంతవరకూ పర్లేదు. మట్టి కలిసి ఎర్రగా వచ్చిందంటే లోపల కట్ట కరుగుతున్నట్టు."

"ఇప్పుడెలా ఉంది?"

"తేటగా ఉంది. నిన్నటికి."

"ఆఫీసులో చెప్పావా?"

"ఆరుసార్లు రాసిచ్చాను. ఆరోసారి ఒకాయన వచ్చాడు. గొడుగు కింద నిలబడి చూశాడు. ఊట ఉంటుందన్నాడు. ఉంటుందండీ, నాకూ తెలుసు అన్నాను. జనాన్ని బెదరగొట్టనని కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లాడు."

"సైరన్ ఉండేది కదా పైన? చిన్నప్పుడు విన్నాను."

"రిపేరుకని పట్టుకెళ్లారు. రెండేళ్లైంది."

"ఫోన్?"

"లోయలో సిగ్నల్ లేదు. ఆఫీసు ఫోన్ తీగ చినుకు పడితే చచ్చిపోతుంది. జీపు ఉండేది, అదీ తీసేశారు. మోటారు సైకిల్ ఆ కాలిదారిలో రాళ్ల మధ్య పట్టదు. మోయడానికీ కుదరదు."

"అందుకా ఈ సైకిల్?"

"ఎవరితో అనకు."

"బాబాయ్, కాలువ నా షాపుకు పది అడుగుల దూరంలో ఉంది. మా అమ్మ ఆ గోడ వెనక పడుకుని ఉంది. ఎవరితో అనకంటావేంటి?"

"అంటే నన్ను పైనుంచి తీసేస్తారు. ఇంకొకడిని వేస్తారు. వాడు బకెట్ పెట్టడు. మీ అమ్మకు ఏదైనా ఏర్పాటు చూడు. ఊరికే, జాగ్రత్తకి. చక్రాలున్నదేదైనా. ఫోర్క్ బిగించావా?"

నెల తిరిగింది. మూడు రోజులుగా వాన ఆగలేదు. ఆయన షాపులోకి వచ్చేసరికి ఆమె తలెత్తలేదు.

"చైన్ ఊడిపోతోందమ్మాయ్. ఆ రాతిమెట్ల దగ్గర అదిరినప్పుడల్లా ఊడిపోతోంది."

"అక్కడ పెట్టు."

"కోపంగా ఉన్నావా?"

"నిన్ను పిలిపించారట కదా ఆఫీసుకు."

"పిలిచారు. ఊళ్లో ఎవరో పుకారు లేపారన్నారు. నేను కాదన్నాను. నువ్వేనా?"

"నేనే. వీధంతా చెప్పాను. బేకరీ ఆయన నవ్వాడు, కట్ట తెగితే ఓవెన్ చల్లబడుతుంది లెమ్మన్నాడు. టైలరమ్మ నవ్వలేదు. సామాను సర్దింది. రెండు రోజులు చూసి మళ్లీ విప్పుకుంది. ఇప్పుడు నేను కనిపిస్తే అందరూ, ఏమ్మా, వచ్చాయా నీళ్లు అంటున్నారు."

"అననీ."

"నీకేం, అననీ అంటావు."

"ముందు వైపు మూడు పళ్ల చక్రాలున్నాయి కదా, అన్నీ తీసేసి ఒక్కటే పెడితే చైన్ ఊడదని నువ్వే—"

"నాకు తెలుసు ఏం చెయ్యాలో. ఇప్పుడెంత?"

"ఇరవై మూడు."

"దారి సంగతి కాదు. బకెట్."

"నలభై సెకన్లు."

"తేటగానే ఉందా?"

"మొన్న కొంచెం రంగు వచ్చింది. మళ్లీ తేరుకుంది."

"కట్ట తెగితే నీళ్లు ఇక్కడికి రావడానికి ఎంతసేపు?"

"ఏరు మెలికలు తిరిగి వస్తుంది కాబట్టి నలభై నిమిషాలు. ముందే గేట్లెత్తి నీటిమట్టం దించితే కట్టకు కాస్త ఊపిరి ఆడుతుంది. గంట ఆగొచ్చు, రెండు గంటలు ఆగొచ్చు."

"అయితే ఇప్పుడే ఎత్తెయ్."

"కాగితం రావాలి. పంటల మీద పడతాయి, ఎత్తొద్దంటున్నారు. పరిస్థితి అంతదాకా వస్తే కాగితం కోసం చూడను."

"అంతదాకా వస్తే నువ్వుంటావా అక్కడ? ఇరవై మూడు నిమిషాల్లో కింద ఉంటావు. నాలుగు నెలలుగా నా చేత ఏం చేయించుకున్నావో ఇప్పుడర్థమైంది బాబాయ్. బ్రేకులు నేను వేశాను. చక్రం నా చేత్తో అల్లాను. ఫోర్క్ నేను బిగించాను. ఆ డొక్కు బండిలో ఇప్పుడు ఫ్రేమ్ తప్ప కంపెనీది ఒక్క ముక్క లేదు. అన్నీ నువ్వు ముందు దిగిపోడానికి."

"చెప్పడానికి ఎవరో ఒకరు దిగాలి కదమ్మా."

"అవును, దిగాలి. నువ్వు దిగుతావు. మరి పిన్ని? దీనికి వెనక క్యారేజీ కూడా లేదు. ఆవిణ్ణి ఎక్కడ కూర్చోబెడతావు? పైన వదిలేసి వస్తావా?"

"కట్ట పక్కనే గుట్ట ఉంది. ఎత్తుగా ఉంటుంది. పైనున్న మనిషికి అంత భయం లేదు."

"అంత భయం లేకపోతే నువ్వే ఉండొచ్చు కదా."

"అమ్మాయ్—"

"ఏం, చెప్పు. వింటున్నాను."

"ఇంకో రెండు నిమిషాలు తగ్గాలి. రెండు నిమిషాలంటే మీ సందు ఒక్కటీ ఖాళీ అవుతుంది. నేను లెక్క వేశాను. చైన్ ఊడిన ప్రతిసారీ ఒక నిమిషం పోతోంది."

"ఏమే, పెద్దాయనతో ఆ గొంతేంటి?"

"నువ్వు పడుకో అమ్మా."

"ఏవయ్యా, దాని మాటలు పట్టించుకోకు. వాళ్ల నాన్న నోరు అది."

"పట్టించుకోలేదు వదినా."

"ఇదిగో, అయిపోయింది. ఒక్క చక్రమే పెట్టాను, పళ్లు ఎత్తుగా ఉన్నది. ఇక చైన్ ఊడదు. తీసుకెళ్లు. ఇంకేమైనా కావాలంటే వేరే షాపు చూసుకో."

"బాగా చేశావు."

"నాకు చెప్పకు."

"మీ అమ్మకు చక్రాలది ఏదైనా చూశావా?"

"ట్రాలీ రిక్షా తెచ్చి పరుపు వేశాను. నీమీద నమ్మకంతో కాదు. భయంతో."

"భయమే మంచిది. వస్తానమ్మా."

తొమ్మిది రోజుల తర్వాత, పొద్దున్నే, జోరువానలో ఆ సైకిల్ షాపు ముందు ఆగింది. దిగింది ఆయన భార్య.

"షట్టరు మొత్తం ఎత్తమ్మాయ్. మీ అమ్మను లేపు."

"పిన్నీ? నువ్వేంటి, ఈ బండి మీద, ఒళ్లంతా బురద—"

"ఊట ఎర్రగా వచ్చింది. తెల్లారుతూనే. కట్ట మీద ఒక చోట కుంగింది."

"బాబాయ్ ఏడి?"

"ముందు మీ అమ్మ. ట్రాలీ ఉందన్నాడు, ఎక్కడుంది?"

"వెనకాల. పిన్నీ, నీ మోచెయ్యి—"

"తర్వాత కడుక్కుంటా. నువ్వు మీ అమ్మను తోసుకుని బడికి వెళ్లు. వెళ్తూ ఎడమ వైపు తలుపులన్నీ కొట్టు. కుడివైపు నేను కొడతా. వాచ్‌మన్‌ను లేపి గంట కొట్టించు, ఆపొద్దని చెప్పు."

"వాళ్లు నవ్వుతారు పిన్నీ. నేను చెప్తే ఒక్కడూ కదలడు."

"నన్ను చూపించు. దిగుతూ పడి రెండు పళ్లు ఊడాయి. నవ్వేవాళ్లను నా నోట్లోకి చూడమను."

"అమ్మా, చెయ్యి వెయ్యి నా మెడ చుట్టూ."

"నా కళ్లజోడే."

"కళ్లజోడు నా జేబులో ఉంది. పదా."

"ఈవిడెవరే, ఇంత తడిసి వచ్చింది?"

"గేటు పిన్ని అమ్మా. పైనుంచి వచ్చింది."

"పైనుంచా? ఈ వానలో? ఎంతసేపట్లో వచ్చావమ్మా?"

"ఇరవై ఒకటి. అక్కా, తల వంచుకోండి, ద్వారబంధం తగులుతుంది."

పది దాటింది. బడి వరండాల్లో ఊరి కింద భాగమంతా కూర్చుని ఉంది. గంట ఆపేశారు. కింద, కాలువ పక్క సందులో కప్పులు మాత్రం కనిపిస్తున్నాయి.

"టైలరమ్మ వచ్చిందా?"

"వచ్చింది. మిషను కూడా తెచ్చుకుంది. బేకరీ ఆయన కూడా వచ్చాడు. అందర్నీ రెండుసార్లు లెక్కపెట్టాం పిన్నీ, ఒక్కరూ తగ్గలేదు. ఇటివ్వు ఆ చెయ్యి, కట్టు కడతాను."

"నీళ్లు మెల్లగా పెరిగాయి కదూ. గోడలా రాలేదు."

"మెల్లగానే. మొదట కాలువ నిండింది, తర్వాత సందులోకి వచ్చాయి. ఇంకా వస్తున్నాయి."

"అంటే రెండు గేట్లు లేచినట్టు. మూడోది కూడా లేచిందేమో."

"ఎప్పుడు నేర్చుకున్నావు పిన్నీ, ఈ సైకిల్?"

"ఎండల్లో. కట్ట మీద సీటు పట్టుకుని నేర్పించాడు. నలభై ఏడేళ్లకు. నవ్వుకునేవాళ్లం."

"దిగింది ప్రతిసారీ నువ్వేనా?"

"మొదటిసారి ఆయన. తర్వాత అన్నిసార్లూ నేనే. దిగి, మళ్లీ తోసుకుంటూ ఎక్కేదాన్ని. అదే మూడు గంటలు."

"హ్యాండిల్ మీద ఆ రక్తం నీదేనన్నమాట."

"అరచెయ్యి చీరుకుపోయింది. నీకు చెప్పొద్దన్నాను నేనే."

"ఎందుకు?"

"ఆడమనిషి ఆ దారిలో దిగుతుందంటే నువ్వు ఆ బండి ముట్టుకునేదానివా?"

"ముట్టుకునేదాన్ని కాదు."

"చూశావా మరి."

"నేను బాబాయ్‌ను ఎన్ని మాటలన్నాను పిన్నీ. పారిపోడానికి చేయించుకున్నావన్నాను. ఇంకో షాపు చూసుకోమన్నాను."

"చెప్పాడు. వచ్చి అన్నం తింటూ చెప్పాడు. ఇంత కోపంలో కూడా నట్టు సరిగ్గా బిగించింది అన్నాడు."

"గేట్లు ఎత్తేసి గుట్ట మీదకు వెళ్లిపోయి ఉంటాడు కదా? గుట్ట ఎత్తుగా ఉంటుందన్నాడు. పైనున్నవాళ్లకు భయం లేదన్నాడు."

"కట్టు కొంచెం గట్టిగా కట్టు."

"పిన్నీ, గేట్లు ఎత్తడానికి ఎంతసేపు? స్విచ్ వేస్తే లేస్తాయి కదా?"

"కరెంటు రాత్రే పోయింది. చక్రం చేత్తో తిప్పాలి. ఒక్కో గేటుకు ఆరువందల చుట్లు."

"అయితే ఆయన ఇంకా—"

"ఐదు గేట్లు."

"అక్కడ నిన్ను ఉంచి ఆయనే రావచ్చు కదా అనట్లేదు పిన్నీ, కానీ—"

"అదే అనుకున్నాం అమ్మాయ్, మొదట. ఈ సైకిల్ ఆయన కోసమే కొన్నాం. పది రోజులు ఆ గేటు చక్రం పట్టుకుని వేలాడాను, ఒక్క చుట్టు తిరగలేదు. పదకొండో రోజు బండి నీ దగ్గరకు తెచ్చి, లివర్ నా వేళ్లకు అందేలా పెట్టించుకొచ్చాడు."